ఇరవై మూడు మెడలు

ఇంకా 64 రోజులు

నా ప్రతిమ తల వంచుకుని ఉన్నది వినయం వల్ల కాదు. ఈ సంగతి ఇంట్లో నాలుగేళ్ళుగా చెబుతున్నాను. ఎవరూ వినడం లేదు కాబట్టి రాసి పెడుతున్నాను.

కొలతల గదిలోకి వెళ్ళిన రోజుకి నాకు పద్దెనిమిది నిండి వారం. యంత్రం మనిషి చుట్టూ తిరిగి రావడానికి నలభై సెకన్లు పడుతుంది. అది కదలబోయే ముందు నా కాలి బొటనవేలి మీదికి ఒక గండుచీమ ఎక్కింది. కుడుతుందేమోనని కిందికి చూశాను. అప్పుడే యంత్రం మొదలైంది. మధ్యలో కదిలితే మళ్ళీ ఏడాది దాకా వంతు రాదు. అలాగే ఉండిపోయాను. చీమ కుట్టలేదు.

ఆ చూపుని మట్టిలో పోసి, బట్టీలో కాల్చి, వీధి వరుసలో మా ఇంటి ముందు నిలబెట్టారు. నాన్న చూసి, "ఎంత అణకువ! మన పెంపకం ఎక్కడికి పోతుంది?" అన్నారు. నేను చీమ సంగతి చెప్పాను. "చూశారా, పొగిడితే తట్టుకోలేదు పిచ్చిది," అంది కుముదిని పెద్దమ్మ. అమ్మ ఏమీ అనలేదు. అమ్మ సాధారణంగా ఏమీ అనదు.

ఇవాళ శుక్రవారం, ప్రతిమలు కడిగే రోజు. సముద్రపు గాలికి భుజాల మీద ఉప్పు పొరలు కడుతుంది. కొబ్బరి పీచుతో తోమాలి. నాన్న ప్రతిమ కుడి చెయ్యి ముందుకు చాచి, అరచెయ్యి పైకి ఉంటుంది. ముప్పై ఏళ్ళ కిందట కొలతల గది కప్పు కారుతోందేమోనని చెయ్యి పెట్టి చూశారట. వీధిలో మాత్రం ఆయన్ని కర్ణుడంటారు. గొడుగు, నిచ్చెన, సైకిలు, ఏది కావాలన్నా మా ఇంటికే వస్తారు. ఇస్తారు. ఇచ్చి లోపలికొచ్చి విసుక్కుంటారు. మర్నాడు మళ్ళీ ఇస్తారు.

నా తల మీద కాకి రెట్ట తోమేటప్పటికి పది నిమిషాలు పట్టింది. వంగిన తల కాకులకి వీలుగా ఉంటుంది.


ఇంకా 60 రోజులు

పోలిక రోజు కోసం వీధిలో అభ్యాసం మొదలైంది. పొద్దున్నే అందరూ ఎవరి ప్రతిమ పక్కన వాళ్ళు నిలబడి, దాన్ని చూసి తమని సర్దుకుంటున్నారు. పోలిక రోజున కొలతగాడు కొలబద్ద పట్టుకుని వస్తాడు. మనిషికీ ప్రతిమకీ రెండు వేళ్ళ తేడా వరకూ ఒప్పుకుంటాడు. అంతకు మించితే మొదటి ఏడాది హెచ్చరిక. రెండో ఏడాది ప్రతిమని తీసేసి, మనిషిని నీళ్ళ అవతల దిబ్బకి పంపిస్తారు. వరుసలో లేనివాళ్ళకి ఈ గట్టు మీద చోటు లేదు.

"ప్రతిమను మార్చరాదు, కాల్చిన మట్టి మారదు గనుక. మనిషి మారవచ్చును, మనిషిని ఎవరూ కాల్చలేదు గనుక." ఇది నియమావళిలోని వాక్యం. నా వెటకారం కాదు.

ఎదురింటాయన కొలతల రోజున తుమ్మబోయి ఆపుకున్నాడు. పొద్దుట చూస్తే తుమ్ము రాని ముఖంతో పావుగంట నిలబడ్డాడు.


ఇంకా 57 రోజులు

కాలేజీలో మూడేళ్ళు మట్టి రసాయనం చదివాను. అందువల్ల పోత షెడ్డులో అతుకులు నున్న చేసే ఉద్యోగం ఇచ్చారు. మూసలోంచి వచ్చిన పచ్చి బొమ్మకి పక్కల వెంబడి గీతలా అతుకు ఉంటుంది. దాన్ని గీకి, తడిగుడ్డతో తుడిచి, మెడ వెనక నా ముద్ర వెయ్యాలి. నాది పదకొండో నంబరు.

ఇవాళ వరుస సంఘం అధ్యక్షుడు పట్టాభి గారు షెడ్డుకి వచ్చారు. షెడ్డు పెద్ద మస్తానమ్మ బీడీ ఆర్పేసి లేచి నిలబడింది.

"ఈ మధ్య ఆడపిల్లల ప్రతిమలు చూశావా మస్తానమ్మా? ఒకతి ఇటు చూస్తుంది, ఒకతి అటు చూస్తుంది. వరుసలా లేదు, రేవులో పడవ కోసం నిలబడ్డ గుంపులా ఉంది."

"మడుసులు అట్టానే ఉంటారు గదండీ."

"ప్రతిమలు కూడా అలాగే ఉంటే ఇంక ప్రతిమలెందుకు?"

మస్తానమ్మ ఆరిన బీడీని చెవి మీద దోపుకుంది.

ఈ ఏడాది పద్దెనిమిది నిండిన ఆడపిల్లలు ఇరవై మూడు మంది. అందరికీ ఒకే ఒంటి మూస వాడమన్నారు. ముఖాలు మాత్రం వేరుగా పోసి అతికించాలి. ఏ మూస అని మస్తానమ్మ అడిగింది. ఆయన ఒక బొమ్మ పేరు చెప్పారు. అది నా పేరు.

"ఆ అమ్మాయి ఇక్కడే పని చేస్తదండి. ఇదిగో," అంది మస్తానమ్మ.

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. "ప్రతిమలో ఇంకాస్త పద్ధతిగా ఉంటావమ్మా," అన్నారు.


ఇంకా 55 రోజులు

ఆ ఇరవై మూడు మందిలో మా చెల్లెలు మేదిని ఒకతె.

మేదినికి కావలి స్తంభం ఉద్యోగం కావాలి. గట్టు చివర ఎనభై మెట్ల స్తంభం ఉంది. దాని మీద కూర్చుని సముద్రాన్ని చూస్తూ, పెద్ద అల కనిపిస్తే సైరన్ మోగించాలి. మేదిని ఐదేళ్ళ వయసు నుంచి అది తప్ప ఇంకేమీ అడగలేదు. దూరంగా పోయే పడవ తెరచాప రంగు చెబుతుంది, నాకు పడవే కనిపించదు. కానీ రేవు వాళ్ళు మనుషుల్ని పిలిచి చూడరు. మనిషి రోజుకో రకంగా ఉంటాడట, ప్రతిమ నికరంగా ఉంటుందట. వాళ్ళు వరుస వెంబడి నడుచుకుంటూ పోయి, దూరానికి చూసే ప్రతిమ ఎవరిదో వాళ్ళని తీసుకుంటారు. కాలి బొటనవేలిని చూసుకునే ప్రతిమని ఎవరూ స్తంభం ఎక్కించరు.

సంఘం ఉత్తర్వు చదివి మేదిని నా మంచం మీద కూలబడింది.

"ఒసే అక్కా, నీ చీమ నా ఉద్యోగం తినేసిందే."

"నేనేం చెయ్యను? నేను పెంచానా దాన్ని?"

"దులిపేసుకోవచ్చుగా ఆ రోజు?"

"కదిలితే వంతు పోతుందని..."

"వంతు పోతే పోయేది. ఇప్పుడు ఇరవై మూడు మందిమి నీ వేలు చూస్తూ బతకాలి."

భోజనాల దగ్గర నాన్నతో చెప్పింది. "తల వంచుకుంటే నష్టమేమిటమ్మా?" అన్నారు నాన్న. "అక్కకి ఎన్ని సంబంధాలొస్తున్నాయో చూడు."

వస్తున్న మాట నిజమే. పోయిన నెల ఒకళ్ళు వచ్చారు. ఎండగా ఉందని నన్ను లోపలే ఉండమన్నారు. వాళ్ళు ప్రతిమ చుట్టూ తిరిగి చూసుకుని, మజ్జిగ తాగి, అమ్మాయి నచ్చిందని చెప్పి వెళ్ళారు. కుర్రాడి ప్రతిమ చూసిరమ్మన్నారు. వెళ్ళలేదు. దాన్ని పెద్దమ్మ సిగ్గు కింద లెక్కేసింది.


ఇంకా 48 రోజులు

ఇవాళ నా మోచేతులు నలభై ఆరు గీకాను.

షెడ్డు నిండా నేనే. తలల్లేకుండా ఆరు వరుసల్లో నిలబడి ఉన్నాను. ఎడమ బొటనవేలు కాస్త పైకి లేచి ఉంది, అందరికీ. పదిహేనో బొమ్మ దగ్గర ఏ బొమ్మ దాకా వచ్చానో మర్చిపోయాను. గుర్తుకోసం అక్కడ నా చెప్పు విప్పి పెట్టాను.

మధ్యాహ్నం ముఖాలు వచ్చాయి. ఇరవై మూడూ వేరువేరు ముఖాలు. ఒక్కొక్కదాన్నీ వంగిన మెడ మీద అతికిస్తూ పోయాం. రమీజా మా ఇంటి పక్కనే చేపల వలలు అల్లే వాళ్ళ అమ్మాయి. అతికించే దాకా దానిది దాని ముఖమే. మెడ మీద పెట్టగానే సంబంధానికి వచ్చినవాళ్ళు మెచ్చుకునే ముఖం అయింది. మేదినిది నేనే అతికించాను. దాని కనుబొమలు పైకి లేచి ఉన్నాయి, దూరంగా ఏదో కనిపించినట్టు. కింద ఉన్నది బొటనవేలు.

మస్తానమ్మ తడి గోనెసంచులు కప్పమంది. "పది దినాలు పచ్చిగానే ఉంటయ్. ఆ తర్వాత బట్టీ." ఇంకో సంచి అందిస్తూ అంది, "మెడ అతుకు అన్నిటికన్నా ఆఖర్న ఆరుద్ది. తీగతో కోస్తే జున్నుముక్కలా తెగుద్ది."

"ఎందుకు చెబుతున్నావు?"

"ఊరికే. పని నేర్చుకుంటావని." కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి, పెట్టెలో పెట్టేసింది. "నాకు ఈ జోడు లేకపోతే ఏం కనబడదమ్మాయ్. రేపట్నుంచి పెట్టుకోను, కళ్ళు మంటలు."


ఇంకా 47 రోజులు

భోజనం విరామంలో మేదిని మెడ కోశాను. తల ఎత్తి, వెనక ఒక ముద్ద మట్టి పెట్టి, అతుకు నున్న చేశాను. పావుగంట పని.

ఇంటికొచ్చి మేదినితో చెబితే ఎగిరి గంతేస్తుందనుకున్నాను. వెయ్యలేదు.

"నాదొక్కటేనా?"

"నీదొక్కటే."

"అయితే అది నిలవదే. ఇరవై రెండు తలలు కిందికి ఉండి ఒకటి పైకి ఉంటే అది పగుళ్ళు పడ్డ బొమ్మతో సమానం. అవతల పారేస్తారు. అన్నీ పైకి ఉంటే మూసే అంత అనుకుంటారు."

మా ఇంట్లో ఎవరికైనా చదువు దండగ అయిందీ అంటే అది నాకే. రేపు మిగతా ఇరవై రెండు మెడలూ ఎత్తుతాను.


ఇంకా 46 రోజులు

ఎత్తలేదు.

షెడ్డుకి వెళ్ళే దారిలో రమీజా గుమ్మంలో కూర్చుని వల అల్లుతోంది. ఎవరికో ఒకరికి చెప్పాలనిపించి చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. ఈ వారంలో నేను అనుకున్నవి ఏవీ జరగడం లేదు.

"నా జోలికి రాకక్కా. నేను పొద్దస్తమానం కిందికే చూస్తా. వల అల్లే కండె మీద చూపు లేకపోతే ముడి తప్పుద్ది. తల ఎత్తిపెడితే ఏడాదికోసారి మెడ నొప్పి నాకు, నీకు కాదు."

"మరి మిగతావాళ్ళు?"

"నాకేం తెలుసు? అడిగావా?"

అడగలేదు. పట్టాభి గారు కూడా అడగలేదు. ఆయన కిందికి, నేను పైకి, తేడా అంతే. షెడ్డులో సెలవు పెట్టి, మిగతా ఇరవై ఒక్క ఇళ్ళకీ బయల్దేరాను.


ఇంకా 44 రోజులు

రెండు రోజులు తిరిగాను. ప్రశ్న ఒకటే: నువ్వు మామూలుగా ఎటు చూస్తావు?

ఒకమ్మాయి పక్కింటి వైపు పెట్టమంది, దండెం మీద బట్టలు పోతున్నాయట. ఒకమ్మాయి వెనక్కి తిరిగి చూస్తున్నట్టు కావాలంది, ఎందుకో చెప్పలేదు. బడిలో పాఠాలు చెప్పబోయే అమ్మాయి వెనక బెంచీల మీదికి చూడాలంది. తాయారు అనే అమ్మాయి కళ్ళు మూసుకుని ఉండొచ్చా అని అడిగింది. కళ్ళు నా చేతిలో లేవు, మెడ వరకే అన్నాను. అయితే వెనక్కి వాల్చు, నిద్రపోతున్నట్టు కనిపించినా చాలు అంది. నలుగురు వంచే ఉంచమన్నారు. వాళ్ళలో ఒకతె నా ప్రతిమ తనకి చాలా ఇష్టమని, అచ్చం అలాగే ఉండాలని ఉందని చెప్పింది. ఎందుకిష్టమని అడిగితే, "ఏదో చాలా జాగ్రత్తగా చూస్తున్నట్టు ఉంటావక్కా," అంది. నాలుగేళ్ళలో నా ప్రతిమని సరిగ్గా చదివింది ఆ ఒక్కతే. దానికి చీమ సంగతి చెప్పాను. నమ్మింది.

సరస్వతుల వారి అమ్మాయి అనూరాధ చాలాసేపు ఆలోచించింది. "తెలీదక్కా. ఇదివరకెవరూ అడగలా," అంది చివరికి. ఆలోచిస్తున్నప్పుడు తల కాస్త ఎడమకి వాల్చింది. అదే రాసుకున్నాను.


ఇంకా 41 రోజులు

పద్దెనిమిది మెడలు అయ్యాయి. అయిదుగురివి ముట్టుకోనక్కర్లేదు, రమీజాదీ, ఆ నలుగురివీ. వాటి మీదా నా ముద్ర సరిచూసుకున్నాను. మస్తానమ్మ జోడు లేకుండా షెడ్డు అంతా తిరిగి, తాయారు బొమ్మ దగ్గర ఆగి, "ఈ పిల్లకి వెనకమాల ఇంకాస్త మట్టి పెట్టు, బట్టీలో తల ఊడుద్ది," అని వెళ్ళిపోయింది.

ఇంట్లో చేతులు కడుక్కుంటుంటే అమ్మ వచ్చి గోళ్ళలోకి చూసింది. మట్టి ఎరుపు నాలుగు రోజులదాకా పోదు. చెప్పేశాను.

అమ్మ నీళ్ళ చెంబు కింద పెట్టింది.

"నాకు ఆ రోజు పన్ను పోటు," అంది.

"ఏ రోజు?"

"కొలతల రోజు. దవడ వాచిపోయింది. పెదవులు బిగబట్టుకుని నిలబడ్డా. మీ నాన్న వాళ్ళు ప్రతిమ చూసి, మాట్లాడని పిల్ల దొరికిందని మురిసిపోయారు. మొదట్లో పోలిక రోజు దగ్గర పడ్డప్పుడే నోరు మూసుకునేదాన్ని. మిగతా అప్పుడు మాట్లాడబోతే అత్తయ్య వీధిలోకి చూపించి, అదిగో అలా ఉండు అనేది." అమ్మ కాస్త ఊపిరి తీసుకుంది. "నేను మీ పెద్దమ్మ కన్నా వాగుడుకాయనే. మా ఊళ్ళో నన్ను ఎవరూ ఆపలేకపోయేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళు, తరణీ."

అమ్మ నోట ఒకే విడతలో అన్ని మాటలు వినడం అదే మొదలు. ఏం చెయ్యాలో తెలియక చెంబు తీసి చేతికిచ్చాను.

"బట్టీ ఎప్పుడు?" అని అడిగింది.

"ఇంకో మూడు రోజులకి."

"సరే," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి లోపల్నుంచి, పప్పులో ఉప్పు ఎక్కువైందని తనే చెప్పుకుంటున్న గొంతు వినిపించింది.


ఇంకా 30 రోజులు

బట్టీ తెరిచారు. ఒక్క తలా ఊడలేదు. ఇరవై మూడు ప్రతిమలనీ వీధుల్లో ఎవరి ఇంటి ముందు వాళ్ళవి నిలబెట్టారు. పట్టాభి గారు ఆ సమయంలో జ్వరంగా ఉండి రాలేకపోయారు. ఆయన ప్రతిమని బండి మీద తెచ్చి అధ్యక్షుల స్థానంలో ఉంచారు. అది ఏ అభ్యంతరమూ చెప్పలేదు.


ఇంకా 27 రోజులు

రేవు వాళ్ళు వరుస వెంబడి నడిచారు. మేదిని ప్రతిమ దగ్గర ఆగి, అది ఎటు చూస్తోందో చూడటానికి ముగ్గురూ వెనక్కి తిరిగారు. పేరు రాసుకున్నారు. పోలిక రోజు మర్నాడు స్తంభం ఎక్కమన్నారు, ప్రతిమ అప్పటికి అలాగే ఉంటే.

ఇవాళే పట్టాభి గారికి జ్వరం తగ్గింది.


ఇంకా 26 రోజులు

మెడల వెనక పదకొండో నంబరు చూసి నాకు సంజాయిషీ పత్రం పంపారు. చిన్న కాగితం. రెండు గడులు: "పొరపాటున జరిగినది", "తెలిసి చేసినది". ఒకదాంట్లో గీత గీసి, సంతకం పెట్టి, మూడు రోజుల్లో ఇవ్వాలి.

మస్తానమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివి చెప్పింది. పొరపాటంటే ఆ ప్రతిమలు పగలగొట్టి, వంచిన మెడలతో మళ్ళీ పోస్తారు. నాకు ఒక హెచ్చరిక, అంతే. తెలిసి చేశానంటే ప్రతిమలని ముట్టుకోరు. శిల్పి బుద్ధిపూర్వకంగా చేసిన పని మీద చెయ్యి వెయ్యరాదని పాత నియమం ఒకటుంది, శిల్పులు ఉన్న కాలం నాటిది. దానికి బదులుగా శిల్పి ప్రతిమని, అంటే మెడ వెనక ముద్ర వేసినవాళ్ళ ప్రతిమని, తీసేస్తారు.

"ఇంతకుముందు ఎవరైనా రెండో గడిలో గీశారా?"

"నేనొచ్చి ముప్పై నాలుగేళ్ళు. ఆ గడి మీద సిరా పడంగా చూళ్ళా."

"నీకేమైనా అవుతుందా?"

"నాకు చూపు ఆనదని ఊరంతటికీ తెలుసు. నువ్వు నీ సంగతి చూసుకో."


ఇంకా 24 రోజులు

ఇంట్లో సభ. నాన్న కాగితాన్ని బల్ల మీద పెట్టి, కలం మూత తీసి పెట్టారు.

"పొరపాటు అని గీసెయ్యమ్మా. మేదినికి వేరే ఉద్యోగం ఏదో ఒకటి దొరుకుతుంది."

"నాకొద్దు వేరేది," అంది మేదిని. తర్వాత నా వైపు చూసి, "కానీ నువ్వు దిబ్బకి పోవడం కూడా నాకొద్దు," అంది. దానికి ఏడుపొస్తోంది. ఏడిస్తే సముద్రం సరిగ్గా కనిపించదని చిన్నప్పటి నుంచీ ఏడవదు.

"దిబ్బ మీద మనుషులుంటారటే?" అంది పెద్దమ్మ. "ఒక వరుసా పాడా? ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది?"

"అడుగుతారేమో," అన్నాను.

"వినయమంతా ఏమైపోయిందే నీది? బంగారంలాంటి పిల్లవి!"

నాన్న లేచి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డారు. ఎవరో నిచ్చెన కోసం వచ్చారు. "ఇవ్వను," అన్నారు నాన్న. వచ్చినాయన ప్రతిమ వంకా నాన్న వంకా రెండుసార్లు మార్చి మార్చి చూసి వెళ్ళిపోయాడు. నాన్న లోపలికొచ్చి, "ఎన్నాళ్ళుంటావు అక్కడ?" అని అడిగారు. నాకు తెలియదన్నాను.

అమ్మ మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది. దిబ్బ మీద మంచినీళ్ళు ఉప్పగా ఉంటాయేమో, దుప్పట్లు రెండు పెట్టుకో, పెద్దమ్మ మాటలు పట్టించుకోకు, పడవలో మధ్యలో కూర్చో, అంచున కూర్చోకు. పెద్దమ్మ నోరు తెరుచుకుని వింటూ ఉండిపోయింది.


ఇంకా 23 రోజులు

"తెలిసి చేసినది" అన్న గడిలో గీత గీశాను. సంతకం పెట్టి, పొద్దున పది గంటలకి సంఘం కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నాను. నా ప్రతిమని వచ్చే గురువారం తీసేస్తారు. నేను అంతదాకా ఆగకుండా బుధవారం పడవకే దిబ్బకి వెళ్తున్నాను.